బ్రైటన్ దారిలో పాత బండ్లు

పాత మోటారు బండ్ల చరిత్ర మీద కొందరికి పట్టుకునే మక్కువ చిత్రమైనది. చాలామందికి అది చేతికంటిన నూనెలోంచి, చిన్నప్పుడు ముక్కుకు తగిలిన పెట్రోలు వాసనలోంచి, దారి మధ్యలో ఆగిపోయిన బండి పక్కన గడిపిన గంటల్లోంచి మొదలవుతుంది. పుస్తకాలు ఆ తర్వాత వస్తాయి. ఒకసారి పట్టుకున్నాక ఎనభై ఏళ్లు పైబడినా వదలదు. ఈ పిచ్చి ఎలా పుడుతుందో, ఎలా ముదురుతుందో, తండ్రి నుంచి బిడ్డకు ఎలా చేరుతుందో ఒకే రోజున, ఒకే రోడ్డు మీద చూడదలిస్తే లండన్ నుంచి బ్రైటన్ వెళ్లే 60 మైళ్ల దారిని మించింది లేదు. ఏటా నవంబరు మొదటి ఆదివారం 1905 జనవరి 1కి ముందు తయారైన బండ్లు మూడు నాలుగు వందల దాకా ఆ దారి పడతాయి. మన లెక్కలో సుమారు 96 కిలోమీటర్లు; హైదరాబాద్ నుంచి నల్లగొండకు పోయినంత దూరం. ఇవాళ్టి కారుకు రెండు గంటల పని. ఈ బండ్లకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది, అదీ అన్నీ కలిసొస్తే.

నవంబరులో లండన్‌లో సూర్యోదయం ఏడింటి ప్రాంతంలో. హైడ్ పార్క్‌లోని సర్పెంటైన్ రోడ్డు మీద మాత్రం అంతకు చాలా ముందే సందడి మొదలవుతుంది. మంచులో తడిసిన గడ్డి, చెట్ల కింద చీకటి, అక్కడక్కడా కార్బైడ్ దీపాలు. ఒకప్పుడు మన తిరునాళ్లలో మిఠాయి అంగళ్ల ముందు వెలిగిన గ్యాసు దీపాల జాతివే ఇవి. కార్బైడ్ ముక్కల మీద నీటిచుక్కలు పడితే పుట్టే వాయువుతో మండుతాయి. ఆ వెలుగులో తోలు కోట్లు, మందపాటి కళ్లద్దాలు, ఉన్ని దుప్పట్లు చుట్టుకున్న మనుషులు ఇంజన్ల ముందు వంగి ఉంటారు. చాలా బండ్లకు టాపు లేదు, ముందు అద్దం లేదు. వాన వస్తే తడవడమే. నవంబరు ఇంగ్లండ్‌లో వాన రాకపోవడమే వింత.

ఒంటి సిలిండర్ డి డియోన్ బూటన్ బండిని స్టార్టు చేయడం దగ్గర నిలబడి చూస్తే ఈ మక్కువలో సగం అర్థమవుతుంది. ముందు పెట్రోలు కుళాయి తెరవాలి. కార్బురేటర్‌లోకి పెట్రోలు దిగేదాకా ఆగాలి. ఇంజను లోపల నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నిర్ణయించే మీటను ఆలస్యం వైపుకు జరపాలి. ఆ తర్వాతే హ్యాండిల్ మీద చెయ్యి వేయాలి. హ్యాండిల్ పట్టడంలోనూ పద్ధతి ఉంది: బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, కడ్డీని చుట్టి పట్టుకోకూడదు. మీట జరపడం మరిచినవాడి మీద ఇంజను ఎదురు తిరుగుతుంది. పాత లారీ డ్రైవర్లు ‘బ్యాక్ కొట్టింది’ అనేది దాన్నే. అప్పుడు బొటనవేలు కడ్డీకి అవతల ఉంటే వేలో మణికట్టో విరుగుతుంది. ఒకసారి తిప్పితే దగ్గు. రెండోసారి మౌనం. మూడోసారి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు, నీలం పొగ, ఆ వెంటనే పిండిమర దూరం నుంచి వినిపించినట్టు ‘టుక్... టుక్... టుక్’. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు వెలుగుతాయి.

నడపడం మరో విద్య. ఈ కాలపు బండ్లలో ఏ పెడల్ ఎక్కడ ఉండాలన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. చాలా డి డియోన్ బండ్లలో కాలితో నొక్కితే ఇంజను వేగం తగ్గుతుంది. వేగం పెంచే పని చేతి మీటలది. కొన్ని బండ్లకు స్టీరింగ్ చక్రమే లేదు, పడవ చుక్కానిలాంటి కడ్డీ ఉంటుంది. కొన్నింటిలో తోలు బెల్టులు, కొన్నింటిలో సైకిల్ గొలుసుకు పెద్దన్నలాంటి గొలుసులు చక్రాలను తిప్పుతాయి. ఆవిరి బండ్లు కొన్ని మైళ్లకోసారి నీళ్లకు ఆగాలి. బ్యాటరీ బండ్లూ వస్తాయి. విద్యుత్ కారు కొత్తగా పుట్టిందనుకునేవారికి అదొక చిన్న ఆశ్చర్యం. 1900 ప్రాంతంలో పెట్రోలు, ఆవిరి, విద్యుత్తు మూడూ సమాన పోటీదారులే. ఏది గెలుస్తుందో అప్పటికి ఎవరూ చెప్పలేరు. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివితే మరిచిపోయే ఈ సంగతి మూడు రకాల బండ్లూ ఒకే వరుసలో నిలబడి ఉంటే మనసులో పాతుకుపోతుంది.

తెల్లవారగానే అన్నిటికంటే పాతవి ముందు బయలుదేరతాయి. అంతకుముందు ఒక ఎర్రజెండాను చించే తంతు జరుగుతుంది. దీని వెనక కథ 1896 నవంబరు 14 నాటిది. 1865 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం రోడ్డు మీద యంత్రబలంతో నడిచే ఏ వాహనమైనా ఊళ్లలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు మించి పోకూడదు. దాని ముందు 60 గజాల దూరాన ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. భారీ ఆవిరి యంత్రాలను ఉద్దేశించిన నిబంధన అది, తేలికపాటి మోటారు బండ్లకూ చుట్టుకుంది. 1896లో వచ్చిన కొత్త చట్టం తేలిక బండ్లను ఆ బంధం నుంచి విడిపించి వేగాన్ని 14 మైళ్ల దాకా పెంచింది. అది అమల్లోకి వచ్చిన రోజునే హ్యారీ లాసన్ అనే వ్యాపారి లండన్ నుంచి బ్రైటన్‌కు ఊరేగింపు ఏర్పాటు చేశాడు. బయలుదేరేముందు విన్‌చిల్సీ ప్రభువు ఎర్రజెండాను చించాడు. ముప్పైకి పైగా బండ్లు గాలివానలో కదిలాయి; వాటిలో దాదాపు సగమే బ్రైటన్ చేరాయి.

చరిత్ర మీద మక్కువ ఉన్నవారికి, ఉత్త వేడుక చూడవచ్చినవారికి మధ్య తేడా ఇక్కడే బయటపడుతుంది. వేడుక చూసేవారికి జెండా చించడం స్వాతంత్ర్య ప్రకటన. మక్కువ ఉన్నవారు మాత్రం వెంటనే సరిదిద్దుతారు: జెండా తప్పనిసరి అన్న షరతు 1878లోనే సడలిపోయింది, ముందు మనిషి నడవాలన్నదే మిగిలింది, దూరం కూడా 20 గజాలకు తగ్గింది. అంటే 1896లో చిరిగింది అప్పటికే సగం చచ్చిన జెండా. లాసన్ సంగతీ వదలరు. అతను మోటారు పేటెంట్లు కొని దేశంలో ఈ పరిశ్రమంతా తన గుప్పిట్లో పెట్టుకోవాలని చూసినవాడు. 1904లో కంపెనీ మోసం కేసులో ఏడాది కఠిన శిక్ష పడింది. ఆ రోజు ఒక బ్యాటరీ బండిని రైల్లో తెచ్చి, చివర్లో బురద పూసి, రోడ్డు మీదే వచ్చినట్టు చూపారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు ముందు చేరారన్న తగువు కూడా తెగలేదు: ఫ్రాన్సు నుంచి వచ్చిన బొల్లే మూడు చక్రాల బండ్లా, అమెరికా నుంచి వచ్చిన డ్యూర్యే బండా అన్నది నూటపాతికేళ్ల తర్వాతా టీ బల్లల దగ్గర నలుగుతూనే ఉంది. చిన్న చిన్న వివరాల మీద ఈ పట్టుదల బయటివారికి చాదస్తంగా కనిపిస్తుంది. చాదస్తమే. కానీ చరిత్రకారుడికి ఉండవలసిన మొదటి గుణం కూడా అదే.

బండ్లు బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు నుంచి, పార్లమెంటు భవనం పక్క నుంచి వెస్ట్‌మినిస్టర్ వంతెన మీదికి వస్తాయి. సినిమా అభిమానులకు ఈ వంతెన పరిచయమే. 1953లో వచ్చిన ‘జెనివీవ్’ ఇక్కడే ముగుస్తుంది. హెన్రీ కార్నీలియస్ తీసిన ఆ హాస్యచిత్రంలో ఇద్దరు స్నేహితులు బ్రైటన్ యాత్ర ముగిశాక తిరుగుదారిలో పందెం కడతారు: వంతెన ముందు దాటినవాడు గెలిచినట్టు. ఒకరిది 1904 డరాక్, మరొకరిది స్పైకర్. డరాక్ పేరే జెనివీవ్. బండిని భార్యకంటే ఎక్కువ ప్రేమించే భర్త, ఆ బండిలో తడుస్తూ కూర్చునే భార్య. ఈ పిచ్చిని ఇంత చక్కగా ఎగతాళి చేసిన సినిమా మరొకటి లేదు. జెనివీవ్‌ను నడిపే హీరోగా వేసిన జాన్ గ్రెగ్సన్‌కు షూటింగు మొదలయ్యేనాటికి డ్రైవింగే రాదు. అయినా ఆ సినిమా చూసి పాత బండి కొనుక్కోవాలనుకున్నవారు ఎందరో. బ్రైటన్ యాత్రకు జనం విరగబడింది ఆ తర్వాతే. ఎగతాళి ఒక్కోసారి పొగడ్తకంటే బాగా పనిచేస్తుంది. ఆ డరాక్ ఇప్పుడు హేగ్ నగరంలోని లౌమన్ మ్యూజియంలో ఉంది.

వంతెన దాటాక దక్షిణ లండన్ వీధులు. ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు పక్కన పందిరిలాంటి చిన్న బండి గడగడలాడుతూ ఆగి ఉంటుంది. పేవ్‌మెంట్ల మీద జనం థర్మాస్ ఫ్లాస్కులతో నిలబడి చేతులూపుతుంటారు. వారిలో చాలామంది ఏటా అదే మూల దగ్గర, అదే స్తంభం పక్కన నిలబడేవారు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందంటే 1927లో. ఆ ఏడాది ఒక పత్రిక పూనుకుని 1896 నాటి యాత్రను మళ్లీ జరిపించింది. అప్పట్లో దీన్ని ‘ముసలి డొక్కు బండ్ల పరుగు’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవారు. జనం నవ్వుకోవడానికి వచ్చారు. నవ్వుకోవడంలో వింత లేదు: 1927కి ఆ బండ్ల వయసు పాతికేళ్లు, మహా అయితే ముప్పై. 1983లో వచ్చిన తొలి మారుతి 800 మనకు ఇప్పుడు ఎంత పాతదో, అవి అప్పటివారికి అంతకంటే కొత్తవి. ముప్పై ఏళ్ల వస్తువు పురాతనమూ కాదు, పనికొచ్చేదీ కాదు. దాన్ని తుక్కువాడికి అమ్మేయడమే లోకరీతి. ఎన్నో బండ్లు అలాగే పోయాయి. మిగిలినవి మిగలడానికి కారణం ఎక్కువగా మరుపే: గడ్డివాములో కప్పబడిపోయి, కోళ్లగూడుగా మారి, ఇంజను ఊడదీసి నీళ్ల పంపుకో రంపపు కోతకో పెట్టుకుంటే, మిగిలిన చట్రం చెట్టు కింద పడి ఉండి బతికిపోయాయి.

ఆ నవ్వులో నవ్వనివారు కొందరున్నారు. ఎస్.సి.హెచ్. డేవిస్ అలాంటివాడు. స్నేహితులకు సామీ. ‘ఆటోకార్’ పత్రికలో రాసేవాడు, పందేల్లో నడిపేవాడు. 1927 జూన్‌లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పోటీలో రాత్రివేళ ఒక మలుపులో బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. డేవిస్ బెంట్లీకి కూడా గట్టిదెబ్బే తగిలింది. ఆ వంకరపోయిన బండితోనే అతను, డడ్లీ బెంజాఫీల్డ్ వంతులవారీగా నడిపి పోటీ గెలిచారు. అప్పటి ప్రపంచంలో కొత్త బండ్లంటే ఏమిటో అంత బాగా తెలిసినవాడు గంటకు పదిహేను మైళ్లు పోయే పాత బండ్ల కోసం నిలబడ్డాడు. 1930 నవంబరులో బ్రైటన్ యాత్ర ముగిశాక ఓల్డ్ షిప్ హోటల్లో కూర్చున్న కొందరు మిత్రులు ‘వెటరన్ కార్ క్లబ్’ పెట్టాలని తీర్మానించారు. వారిలో డేవిస్ ఒకడు. అదే ఏడాది రాయల్ ఆటోమొబైల్ క్లబ్ యాత్ర నిర్వహణ చేపట్టింది. యుద్ధకాలంలోను, పెట్రోలు రేషన్ ఉన్న 1947లోను, కోవిడ్ వచ్చిన 2020లోను తప్ప యాత్ర అప్పటి నుంచి సాగుతూ వచ్చింది.

క్రాయ్‌డన్ దాటాక ఊరు పలచబడి ఎత్తులు మొదలవుతాయి. ఎక్కుడు దగ్గర బండి మూలిగితే ముందుగా దిగేది వెనక కూర్చున్నవాళ్లు. దిగి నెడతారు. ఈ యాత్రలో పిల్లల పాత్ర చూడదగ్గది. చాలా బండ్లలో ఇంజనుకు నూనె అందించడానికి గాజుగొట్టాలు ఉంటాయి. వాటిలో చుక్క చుక్కగా నూనె పడుతుండాలి. నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్క ఉంటుంది. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే వెనకంతా పొగ. డ్రైవరు కళ్లు రోడ్డు మీద ఉంటాయి కాబట్టి చుక్కలు లెక్కపెట్టే పని పక్కనున్నవారిది, తరచు పదేళ్ల పిల్లదో పిల్లవాడిదో. చలికి ముక్కు ఎర్రబడి, దుప్పట్లో మునిగి, కళ్లు గాజుగొట్టం మీదే పెట్టిన ఆ పిల్ల తనకు తెలియకుండానే ఒక సంగతి నేర్చుకుంటుంది: ఈ యంత్రం తన చూపు మీద ఆధారపడి నడుస్తోంది. ఇవాళ్టి కారులో వెనక సీట్లో కూర్చున్న బిడ్డకు చేయడానికేమీ లేదు. నలభై ఏళ్లకు ఆ పిల్లే డ్రైవరు సీట్లో ఉంటుంది, పక్కన మరో పిల్ల చుక్కలు లెక్కపెడుతుంటుంది. ఒకే ఇంట్లో మూడు తరాలు ఒకే బండి మీద రావడం ఈ దారిలో మామూలు.

అందరికీ ఈ మక్కువ ఇంట్లోంచి రాదు. ఊళ్లో మెకానిక్ షెడ్డు ముందు సాయంత్రాలు గడిపినవారు, తాత అమ్మేసిన బండిని యాభై ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ పోయినవారు, పాత ఫొటోలో ఎవరో తెలియని మనిషి పక్కన నిలబడ్డ బండి పేరేమిటని అడిగి అందులో పడిపోయినవారు ఉంటారు. గమనిస్తే అన్నిటిలోనూ ఒకే మలుపు కనిపిస్తుంది: ఎక్కడో ఒకచోట బండి ఆగిపోయింది, లేదా ఒక ముక్క దొరకలేదు. దొరకని ముక్కను మళ్లీ తయారుచేయాలంటే అసలు అది ఎలా ఉండేదో తెలియాలి. దానికోసం పాత క్యాటలాగులు, పేటెంటు కాగితాలు, ఆనాటి పత్రికల ప్రకటనలు వెతకాలి. ఇత్తడి కప్పు ఒకటి కావాలని బయలుదేరినవాడు అది పోతపోసిన ఫౌండ్రీ చరిత్ర దాకా పోతాడు. అలా రిపేరు కాస్తా పరిశోధన అవుతుంది.

సగం దారిలో క్రాలీ. ఇక్కడ అందరూ ఆగి కాఫీ తాగుతారు. లండన్‌కూ బ్రైటన్‌కూ మధ్యలో ఉండటమే ఈ ఊరి అదృష్టం. గుర్రపు బగ్గీల కాలంలోనూ ప్రయాణికులు ఇక్కడే దిగేవారు. హై స్ట్రీట్ పొడవునా ఆగిన బండ్ల బానెట్లు తెరుచుకుంటాయి, చుట్టూ తలలు వంగుతాయి. మాటలన్నీ ఒక విషయం చుట్టే: తేదీ. 1904 డిసెంబరులో తయారైన బండి ఈ దారి ఎక్కుతుంది, 1905 జనవరిలో తయారైంది ఎక్కదు. నెల తేడాతో ధర కూడా మారిపోతుంది. అందుకే వెటరన్ కార్ క్లబ్‌లో బండి పుట్టుక తేల్చే నిపుణులు ఉన్నారు. చట్రం నంబరు, ఇంజను నంబరు, గేరుబాక్సు మీది పోత గుర్తులు, రేడియేటరు ఆకారం, ఇరుసు అమరిక ఒక్కొక్కటీ చూసి, కంపెనీ రికార్డులతో పోల్చి సర్టిఫికెట్ ఇస్తారు. రికార్డులు కాలిపోయిన కంపెనీలే ఎక్కువ. నూరేళ్లలో ఇంజను ఒక బండిది, చట్రం ఒక బండిది అయిపోయినవీ ఉన్నాయి. అలాంటప్పుడు ‘అసలు’ అన్న మాటకు అర్థమేమిటన్నది పెద్ద చర్చ. రంగు మొత్తం గీకి కొత్తగా మెరిపించాలనేవారు ఒక వర్గం. పెచ్చులూడిన పాత రంగే చరిత్ర, దాన్ని ముట్టుకోవద్దనేవారు మరో వర్గం. రెండో వర్గం మాటకే ఇటీవల బలం పెరిగింది, అది మంచిదే. కొత్త రంగు వేయడానికి ఎప్పుడైనా వేయవచ్చు. పాత రంగు మళ్లీ రాదు.

క్రాలీ దాటి హ్యాండ్‌క్రాస్ గ్రామం దగ్గరికి వచ్చేసరికి దారి చెట్ల మధ్యకు పోతుంది. ఈ ఊరి పక్కనున్న కొండ దిగుడులో 1906 జూలై 12న ఒక మోటారు బస్సు అదుపు తప్పి చెట్టును గుద్దుకుంది. పదిమంది చనిపోయారు. తొలినాటి మోటారు చరిత్రంతా మెరిసే ఇత్తడి కాదు. ఆనాటి బ్రేకులు ఎంతటివో, వాటిని నమ్మి బయలుదేరినవారి ధైర్యం ఏపాటిదో ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

అక్కడి నుంచి స్టేపుల్‌ఫీల్డ్ మీదుగా కక్‌ఫీల్డ్ దాకా ఇరుకు గ్రామీణ మార్గం, రెండు వైపులా పొదల కంచెలు. ఇలాంటి పల్లెదారుల్లో పాత హంబర్ బండితో బ్రైటన్ యాత్రకు వచ్చిన యువకుల్లో ఎల్.టి.సి. రోల్ట్ ఒకడు. 1910లో పుట్టాడు, ఇంజన్ల ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు, 1930లలో హ్యాంప్‌షైర్‌లో మిత్రులతో కలిసి ఫీనిక్స్ గ్రీన్ గ్యారేజీ నడిపాడు. 1934లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్‌కు ఆ గ్యారేజీ ఒక అడ్డా. 1924 నాటి ఆల్విస్ కారు ఒకటి కొనుక్కుని 1974లో చనిపోయేదాకా ఉంచుకున్నాడు. ఇతని కథ ప్రత్యేకం, ఎందుకంటే పాత బండి మీద మక్కువ అతన్ని బండి దగ్గరే ఆపలేదు. వదిలేసిన యంత్రాన్ని చూసి ఊరుకోలేని గుణం కాలువల వైపు తీసుకుపోయింది. ఇరుకు పడవలో కాపురం పెట్టి, 1944లో ‘నారో బోట్’ పుస్తకం రాసి, 1946లో కాలువలను కాపాడే సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడయ్యాడు. ఆ తర్వాత మూతపడబోతున్న వేల్స్‌లోని టాలిలిన్ చిన్న రైలుమార్గాన్ని 1951లో స్వచ్ఛంద కార్యకర్తలతో నడిపించాడు. అభిమానులు నడిపిన తొలి రైలుమార్గం ప్రపంచంలో అదే. బ్రూనెల్, టెల్‌ఫర్డ్ వంటి ఇంజనీర్ల జీవితచరిత్రలు రాశాడు. అన్నిటికీ మొదలు గ్యారేజీలో గ్రీజు.

బర్జెస్ హిల్ దాటగానే ఎదురుగా సౌత్ డౌన్స్ కొండల వరుస, వాటి మీద జాక్, జిల్ అనే రెండు గాలిమరలు. క్లేటన్ కొండ చివరి పరీక్ష. ఇక్కడ నీళ్లు మరిగిపోయే బండ్లు, పక్కకు ఆగి సేద తీరే బండ్లు చాలా కనిపిస్తాయి. ఆగినవాటిని దాటుకుపోయేవారు వేగం తగ్గించి, ఏమైనా కావాలా అని కేకేస్తారు. స్పానరో, తీగముక్కో, తోలు బెల్టు ముక్కో ఇచ్చిపోతారు. ఇది పందెం కాదు, సగటు వేగం గంటకు 20 మైళ్లు మించకూడదని నియమం. సాయంత్రం నాలుగున్నరలోగా చేరితే చాలు, పతకం వస్తుంది.

ఈ కొండదారి మోటారు రాకముందే మక్కువగాళ్ల దారి. 1841లో బ్రైటన్‌కు రైలు రావడంతో గుర్రపు బగ్గీల పని అయిపోయింది. అయిపోయిన తర్వాతే వాటి మీద ప్రేమ పుట్టింది. డబ్బున్నవారు సరదాకోసం పాత బగ్గీ సర్వీసులను మళ్లీ నడిపారు. 1888 జూలై 13న జేమ్స్ సెల్బీ అనే సారథి దారి పొడవునా గుర్రాలు మారుస్తూ లండన్ నుంచి బ్రైటన్‌కు వెళ్లి 7 గంటల 50 నిమిషాల్లో తిరిగి వచ్చాడు. అవసరం తీరిన వాహనాన్ని ఆటగా, ఆ తర్వాత జ్ఞాపకంగా దాచుకునే పద్ధతి ఈ రోడ్డుకు కొత్తేమీ కాదు. మోటారు బండి ఆ వరుసలో తర్వాతది.

కొండ దిగితే ప్యాచమ్. రోడ్డుకు దూరంగా కొండ మీద తెల్లని పాలరాతి ఛత్రి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను దహనం చేసిన చోట 1921లో కట్టిన స్మారకం అది. ఆ ఆసుపత్రుల్లో ఒకటి గుమ్మటాలు, మినార్లతో మన దేశపు కోటలా కనిపించే రాయల్ పెవిలియన్. యాత్ర దాని సమీపం నుంచే సముద్రం వైపుకు సాగుతుంది. చివరి మజిలీ మడీరా డ్రైవ్. ఒక పక్క గులకరాళ్ల తీరం, 1883 నుంచి నడుస్తున్న వోల్క్ విద్యుత్ రైలు. మరో పక్క ఇనుప కమానుల వరుస. ఉప్పుగాలిలో బండ్లు ఒక్కొక్కటే వచ్చి నిలుస్తాయి, రేడియేటర్లలోంచి ఆవిరి లేస్తుంది. ఇక్కడికి నాలుగు మైళ్ల దూరంలోని రాటింగ్‌డీన్‌లో ఉండగానే బొంబాయిలో పుట్టిన రచయిత రడ్‌యార్డ్ కిప్లింగ్ లోకోమొబైల్ ఆవిరి బండి కొన్నాడు. అది పెట్టిన తిప్పలను 1902లో ‘స్టీమ్ టాక్టిక్స్’ అనే హాస్యకథగా మలిచాడు. అంతటితో మోటార్ల జోలికి పోలేదా అంటే, జీవితాంతం మోటార్లలోనే తిరిగాడు.

యాత్ర బ్రైటన్‌లో ముగిసినా చరిత్ర మక్కువ ఎక్కడికి చేరుతుందో చూడాలంటే పడమటగా మరో రెండు గంటలు పోవాలి. న్యూ ఫారెస్ట్ అడవి మధ్య బ్యూలీ అనే పల్లె. ఇక్కడి జమీందారు జాన్ స్కాట్ మాంటేగ్ పార్లమెంటు సభ్యుడు, మోటార్లకు మొదటి వకీలు. 1899లో తన డైమ్లర్ కారును పార్లమెంటు ప్రాంగణంలోకి తోలుకుపోయాడు. 1902లో ‘ది కార్ ఇల్లస్ట్రేటెడ్’ పత్రిక పెట్టాడు. ఆ పత్రికకు బొమ్మలు వేసిన చార్ల్స్ సైక్స్ 1911లో రోల్స్ రాయిస్ కార్ల ముందు రెక్కలు చాచి నిలిచే స్త్రీమూర్తిని మలిచాడు. దానికి నమూనా ఆ పత్రిక కార్యాలయంలోనే పనిచేసిన ఎలినార్ థార్న్‌టన్ అని నమ్మిక. 1915 డిసెంబరు 30న మాంటేగ్, ఎలినార్ ‘పర్షియా’ ఓడలో భారతదేశానికి వస్తుంటే మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. ఎలినార్ చనిపోయింది. బతికి బయటపడ్డ మాంటేగ్ భారత ప్రభుత్వానికి మోటారు రవాణా సలహాదారుగా పనిచేశాడు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారికి ఆ కాలపు మోటార్ల హుందాతనం కళ్లకు కట్టే ఉంటుంది.

మాంటేగ్ 1929లో చనిపోయేనాటికి కొడుకు ఎడ్వర్డ్‌కు రెండున్నరేళ్లు. తండ్రి ముఖం సరిగా గుర్తుండే వయసు కాదది. గుర్తుండని తండ్రి గురించి ఊరంతా చెప్పింది మోటార్ల కథలే. 1952లో ఆ కుర్రవాడు వంశపు భవంతిని జనానికి తెరిచినప్పుడు తండ్రి జ్ఞాపకంగా ముందు హాల్లో ఐదు పాత బండ్లు నిలబెట్టాడు. భవంతి చూడవచ్చినవారు బండ్ల దగ్గరే ఆగిపోయారు. ఐదు పదులయ్యాయి, షెడ్లు చాలలేదు. 1972లో నేషనల్ మోటార్ మ్యూజియం కొత్త భవనం తెరిచారు. గ్రంథాలయం, ఫొటోల భాండాగారం, వర్క్‌షాపు అన్నీ అక్కడే. 2015లో చనిపోయేదాకా ఎడ్వర్డ్ మాంటేగ్ బతుకంతా ఇదే పని. జీవితకాలపు మక్కువకు ఇంతకంటే తేటగా మూలం కనిపించే ఉదాహరణ అరుదు: తండ్రి లేని పిల్లవాడికి తండ్రిని అందించింది ఒక డైమ్లర్.

1967 నుంచి ఏటా బ్యూలీలో ‘ఆటోజంబుల్’ అనే పాత సామాన్ల సంత జరుగుతోంది. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌ను మోటారు ముక్కలతోనే నింపితే ఎలా ఉంటుందో అలా. పచ్చిక మైదానంలో వేల అంగళ్లు: తుప్పు పట్టిన హబ్బులు, పగిలిన దీపాలు, ఎనామిల్ బోర్డులు, మాన్యువళ్లు, పేరు చెప్పలేని ఇత్తడి ముక్కలు. కొనేవారిలో చాలామంది జేబులో ఒక కాగితమో, విరిగిన ముక్క ఒకటో పెట్టుకుని తిరుగుతుంటారు. వంగి తీసి, తుడిచి, కొలిచి, జేబులోని దానితో జతపెట్టి చూస్తారు. కుదరకపోతే జాగ్రత్తగా తిరిగి పెట్టేసి పక్క అంగడికి నడుస్తారు. ఒక ముక్క కోసం పదేళ్లు వెతికానని చెప్పేవారి గొంతులో విసుగు ఉండదు. దొరికిందని చెప్పేటప్పుడు మాత్రం కాస్త దిగులు ధ్వనిస్తుంది.

నవంబరు దగ్గర పడితే మ్యూజియం వర్క్‌షాపులో హడావుడి. ప్రదర్శనలో ఉన్న బండ్లలో కొన్నింటిని బయటికి తీసి, పెట్రోలు పోసి, హ్యాండిల్ తిప్పి, దగ్గించి, నడిపించి చూస్తారు. తర్వాత లారీ ఎక్కించి హైడ్ పార్క్‌కు పంపుతారు. ఆ కొద్ది రోజులు హాల్లో వాటి చోటు ఖాళీగా ఉంటుంది. నేల మీద నూనె చుక్కలు పట్టే పళ్లెం మాత్రం అక్కడే ఉంటుంది.